పనిముట్లు కొట్టేటప్పుడు దాగలి దెబ్బతినకుండా ఏం చూసుకోవాలి?

చిన్నకొలిమి:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది 75 కిలోల పాత దాగలి (కాగిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ). ఒళ్లు మెత్తటి చేత ఇనుము, పైన ఉక్కు పలక అతికిన రకం. అవతలి అంచున రెండు మూడు చోట్ల పెచ్చులు ఊడి ఉన్నాయి. ముఖం (పై చదును) మీద నెలవంక ఆకారంలో సన్నటి గాట్లు చాలా ఉన్నాయి. ఇవన్నీ దాంతోపాటు వచ్చినవే.

ఇకమీద దీని మీద వేడి ఉలులు, సుత్తికి కామ దూరే కన్ను పొడిచే పంచ్‌లు, ఆ కన్నును వెడల్పు చేసే డ్రిఫ్ట్‌లు, చిన్న సుత్తులు చేయాలని ఉంది. ముడిసరుకు 4140 రకం ఉక్కు, స్ప్రింగు ఉక్కు, కొంచెం హెచ్13 రకం ఉక్కు. ఇవి మామూలు ఇనుముకన్నా గట్టివి కదా, వీటిని కొడితే ముఖం సొట్టపోతుందా? ఉలితో తెంపేటప్పుడు, పంచ్‌తో పొడిచేటప్పుడు అడుగున దాగలి సంగతేంటి? హార్డీ రంధ్రం (పనిముట్ల కాడ దిగే చదరపు రంధ్రం) దగ్గర సమ్మెట వాడొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లఉక్కు:
ముందు భయం తీరాల్సిన విషయం ఒకటుంది. సరిగ్గా కాగిన ఉక్కు ఏ రకమైనా సరే, దాగలిని ఏమీ చేయలేదు. మంచి దాగలి ముఖం గట్టితనం కొలిచే రాక్‌వెల్ సీ స్కేల్ మీద 50 నుంచి 60 మధ్య ఉంటుంది. నారింజ రంగులో ఉన్న 4140 దాని ముందు మైనం లాంటిది. సుత్తి దెబ్బలోని బలమంతా ఆ మెత్తటి ఉక్కు ఆకారం మారడానికే ఖర్చయిపోతుంది, ముఖం దాకా గాటు పెట్టేంత మిగలదు.

దాగలిని కొట్టి పాడుచేసేవి మూడే. చల్లారిపోయిన గట్టి ఉక్కు, గురి తప్పిన సుత్తి, పనిలోంచి జారి కిందికి దిగిన పనిముట్టు మొన. మిగతావన్నీ వీటి పిల్లలే.

మీరు చెప్పిన సరుకులకు హద్దులు ఇవి. 4140ని 1150 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 870కి వచ్చేసరికి ఆపేయండి. స్ప్రింగు ఉక్కు కూడా దాదాపు ఇంతే, కాకపోతే పైన ఇంకాస్త తక్కువలో ఉంచితే మేలు. హెచ్13 మొండిది, 1100 నుంచి 900 లోపలే దాని పని అయిపోవాలి. నీడలో చూస్తే నారింజ పోయి ఎరుపులోకి దిగుతోందంటే సుత్తి దించేసి మళ్లీ కొలిమిలో పెట్టాల్సిందే. ఎండలో రంగు చూసి లెక్క కట్టొద్దు. వెలుతురులో ఎరుపు కనబడటం మానేసరికి ఉక్కు ఇంకా కాగే ఉంటుంది, అలాగే చల్లారిందనుకున్నది కొలిమి నీడలో ఎర్రగా కనబడుతుంది.

హెచ్13 విషయంలో ఇంకో చిక్కుంది. అది గాలికే గట్టిపడే ఉక్కు. సన్నగా సాగిన మొన కొలిమి బయట నల్లబడిందంటే చాలు, నీళ్లలో ముంచకుండానే మీ దాగలి ముఖానికి దీటుగా గట్టిపడి ఉండొచ్చు. అలాంటి దాన్ని ‘కొంచెం వంకర తీద్దాం’ అని ముఖం మీద పెట్టి కొడితే రెండిట్లో ఒకటి ఓడిపోతుంది. ఎక్కువసార్లు పనిముట్టే విరుగుతుంది, అప్పుడప్పుడు దాగలి. స్ప్రింగు ఉక్కు, 4140 సన్నటి అంచులు కూడా చల్లటి ముఖానికి ఆనుకుని గబుక్కున చల్లారితే గట్టిపడతాయి. అందుకే అంచు దగ్గర చివరి దెబ్బలు తేలిగ్గా, వేడిగా ఉన్నప్పుడే వేసెయ్యాలి.

సమ్మెటదెబ్బ:
@చిన్నకొలిమి ఆ నెలవంకలు ఎటువైపు ఉబ్బి ఉన్నాయి? మీరు నిలబడే వైపుకా, అవతలికా? దాన్నిబట్టి చాలా చెప్పొచ్చు.

చిన్నకొలిమి:
ఎక్కువ భాగం మనిషి నిలబడే వైపుకే ఉబ్బి ఉన్నాయండి. కొన్ని మాత్రం అటువైపు.

సమ్మెటదెబ్బ:
అయితే దాగలి ఎత్తు ఎక్కువైన చోట పని జరిగింది. లెక్క సులువే. దెబ్బ పడే క్షణంలో సుత్తి కామ నేలకు సమాంతరంగా ఉంటే సుత్తి ముఖం బల్లపరుపుగా దిగుతుంది. దాగలి ఎత్తుగా ఉంటే చెయ్యి కిందికి ఉండిపోతుంది, కామ పైకి వాలుతుంది, సుత్తి ఇవతలి అంచు ముందు తగులుతుంది. గాటు మనవైపుకు ఉబ్బిన నెలవంకలా పడుతుంది. దాగలి మరీ కిందికి ఉంటే దీనికి తిరగబడి అవతలి అంచు దిగుతుంది. పని ముక్క పల్చబడే కొద్దీ ఈ తప్పు ముఖం మీద నేరుగా అచ్చవుతుంది. 20 మి.మీ. మందం కడ్డీ కింద కనబడని వాలు 4 మి.మీ. పట్టీ దగ్గర బయటపడుతుంది.

నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేసి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి కణుపుల ఎత్తులో ముఖం ఉండాలి. ఇది ఒంటి చేత్తో కొట్టే మామూలు పనికి. సన్నటి పనికి ఇంకో 5 సెం.మీ. ఎత్తు ఉన్నా పర్వాలేదు. ఇద్దరు కలిసి సమ్మెటతో కొట్టే పనికి మాత్రం అంతకన్నా కిందికి ఉండాలి. ఒకే మొద్దు మీద రెండు పనులూ చేసేవాళ్లు ఎత్తును సమ్మెట పనికి తగ్గట్టు పెట్టుకుని, ఒంటి పనికి కింద పలక వేసుకుని ఎత్తు పెంచుకుంటారు. మొద్దును కోసేశాక మళ్లీ అతికించలేం కాబట్టి ఇదే సులువు.

మొద్దు ఊగకుండా చూసుకోండి. ఊగే దాగలి మీద గురి నిలవదు. పైగా దెబ్బ బలంలో కొంత ఊపులోకే పోతుంది, అది పూడ్చడానికి ఇంకా గట్టిగా కొడతాం. గురి తప్పడానికి అదే మొదటి కారణం.

సుత్తి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్తగా కొన్న సుత్తుల్లో చాలావాటి ముఖం చదునుగా, అంచు కత్తిలా ఉంటుంది. దాంతో కొడితే ప్రతి వాలు దెబ్బా ఉలి దెబ్బే. ముఖం నడిమి కొంచెం ఉబ్బుగా, చుట్టూ అంచు 3 మి.మీ. దాకా గుండ్రంగా దిద్దుకోండి. ముఖానికి అడ్డంగా స్కేలు పట్టుకుని చూస్తే నడిమి ఆనాలి, అంచుల దగ్గర వెలుతురు సన్నగా కనబడాలి. అంతే ఉబ్బు చాలు. మరీ బంతిలా చేస్తే ప్రతి దెబ్బకూ గుంట పడి పని ఎక్కువవుతుంది. సుత్తి గట్టితనం దాగలి కన్నా కొంచెం తక్కువుంటే మేలు, 45 నుంచి 50 చాలు. పోట్లాడితే సుత్తే నలగాలి. దాన్ని పది నిమిషాల్లో దిద్దుకోవచ్చు, దాగలిని దిద్దలేం.

ఆకురాయి:
తెంపుడు గురించి. వేడి ఉలిని నేరుగా ముఖం మీద వాడొద్దు, ఎంత జాగ్రత్త ఉన్నా సరే. కొమ్ముకూ (మొనదేలి ముందుకు వచ్చిన భాగం) ముఖానికీ మధ్య మెట్టు ఉంటే అది సాధారణంగా మెత్తగా ఉంటుంది, ఉలి పని అక్కడ చేసుకోవడానికే ఉంది. కానీ మెట్టు ఇరుకు. పెద్ద ముక్కలకు ముఖం మీద కత్తిరింపు పలక వేసుకోవాలి.

పలక చేసుకోవడం ఇలా. మెత్తటి ఇనుప రేకు 5 లేదా 6 మి.మీ. మందం. వెడల్పు ముఖానికి సరిపడా, దానికి రెండు వైపులా 30 మి.మీ. చొప్పున ఎక్కువ ఉంచి ఆ భాగాన్ని కాల్చి కిందికి వంచండి. జీనులా దాగలిని పట్టుకుని ఉంటుంది, జరగదు. వంపు లోపలి మూల గుండ్రంగా వచ్చి పలక ముఖం మీద ఆనకపోతే మూల వద్ద కొంచెం సాన పట్టండి. అడుగున ఖాళీ ఉంటే దెబ్బకు ఎగిరి పడుతుంది, ఉలి వంకర పోతుంది. రాగి పలక కూడా బాగుంటుంది, ఉలి మొనకు ఇంకా సుఖం. అల్యూమినియం వేయొద్దు. పసుపు రంగు వేడిలో ఉన్న ముక్క దాన్ని కరిగించేస్తుంది.

ఇక తెంపే తీరు. 25 మి.మీ. చదరం కడ్డీ అనుకోండి. నారింజ, పసుపు మధ్య కాక. మొదటి వైపు మూడో వంతు లోతు దించి కడ్డీ తిప్పండి. నాలుగు వైపులా అంతే దించితే నడిమి 8, 9 మి.మీ. బొడ్డు మిగులుతుంది. దాన్ని పలక మీద తేలిక దెబ్బతో తెంపండి. లేదా దాగలి అంచు బయటికి పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే విరుగుతుంది. ఆఖరి దెబ్బ గట్టిగా వేయాలనిపిస్తుంది, అదే ఉలిని పలకలోంచి ముఖంలోకి దింపేది. ఉలి మూడు నాలుగు దెబ్బలకోసారి చల్లార్చాలి. మామూలు కార్బన్ ఉక్కు ఉలి అయితే నీళ్లలో ముంచొచ్చు. హెచ్13 ఉలిని మాత్రం నీళ్లలో ముంచకండి, సన్నటి బీటలు పడతాయి. దాన్ని గాలికే వదిలేయాలి.

హార్డీ (హార్డీ రంధ్రంలో పదును పైకి ఉండేలా దించే ఉలి) మీద తెంపేటప్పుడు తిరుగుడు సమస్య. సుత్తి దిగి హార్డీ పదును మీద పడితే హార్డీ, సుత్తి రెండూ పోతాయి. కొంచెం మందం మిగలగానే హార్డీ పదును బయటికి పక్కగా కొట్టండి. కత్తిరించినట్టు తెగుతుంది. పని అవగానే హార్డీ తీసేయండి. హార్డీ దిగి ఉన్నప్పుడు దాని పక్కనే ముఖం మీద పనిచేయడం చేతికి ప్రమాదం.

కన్నుపంచ్:
సుత్తి కన్ను పొడవడం దాగలికి అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే పని, ఎందుకంటే పంచ్ ఎప్పుడు అడుగు తాకిందో కొట్టేవాడికి తెలియాలి. 40 మి.మీ. చదరం దిమ్మ, నడిమికి కొలత వేసి, చల్లగా ఉన్నప్పుడే రెండు వైపులా గుర్తు పెట్టుకోండి. రెండు గుర్తులూ ఎదురెదురుగా లేకపోతే కన్ను వంకరే.

దిమ్మ బాగా కాగి, లోపలిదాకా ఒకే రంగు వచ్చాక పంచ్ పెట్టండి. రెండు మూడు దెబ్బలు, పంచ్ తీసి చల్లార్చడం, మళ్లీ రెండు మూడు. గుంటలో కాసింత బొగ్గుపొడి వేస్తే పంచ్ అతుక్కోదు. పంచ్ ఇరుక్కుని తీయలేక కొడుతూ పోతే దాని మొన మెత్తబడి పుట్టగొడుగులా పరుచుకుంటుంది, ఆ తర్వాత అది బయటికి రాదు.

పంచ్ అడుగుకు చేరువైనప్పుడు దెబ్బ చేతికి వేరుగా తెలుస్తుంది. మెత్తగా దిగుతున్నది గట్టిగా ఆగి, సుత్తి తిరిగి ఎగురుతుంది. శబ్దం కూడా మారుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో దెబ్బ వేస్తే కింద మిగిలిన పల్చటి పొర ద్వారా పంచ్ మొన నేరుగా ముఖం మీద అచ్చుపడుతుంది. దిమ్మ తిప్పి చూస్తే పంచ్ ఆనిన చోట నల్లటి మచ్చ ఉంటుంది, ఎందుకంటే అక్కడి పల్చటి పొర దాగలికి ఆని ముందు చల్లారింది. ఆ మచ్చ మీద పంచ్ పెట్టి ఒకటి రెండు దెబ్బలతో అవతలినుంచి తెంపండి. ఈ ఆఖరి దెబ్బలు మాత్రం ముఖం మీద కాదు. చిన్న పంచ్ అయితే దాగలికి ఉన్న గుండ్రటి రంధ్రం మీద, కన్ను పంచ్ అయితే బోల్స్టర్ మీద.

బోల్స్టర్ అంటే 25 మి.మీ. మందం ఇనుప దిమ్మకు కన్ను కన్నా రెండు వైపులా 2 మి.మీ. చొప్పున పెద్ద పొడవాటి సందు. తెగిన ముక్క కిందికి జారే దారి ఉండాలి. సందు మరీ పెద్దదైతే దిమ్మ అడుగు లోపలికి కుంగుతుంది, చిన్నదైతే పంచ్ అందులో ఇరుక్కుంటుంది. డ్రిఫ్ట్ దించేటప్పుడు కూడా ఇదే బోల్స్టర్ పనికొస్తుంది. డ్రిఫ్ట్ మొన కిందికి దిగేంత లోతు కావాలి కాబట్టి రెండు దిమ్మల మధ్య సందు వదిలి పెట్టుకోవచ్చు. డ్రిఫ్ట్‌ను హార్డీ రంధ్రంలోకి దించుతారు చాలామంది, అక్కడ సమ్మెట పడుతుంది కాబట్టి అది నాకు నచ్చదు. ఎందుకో సమ్మెటదెబ్బ గారు చెబుతారు.

సమ్మెటదెబ్బ:
ఎందుకంటే దాగలిలో ఎముక లేని చోటు అదే. నడుము మీద ఉన్న ముఖం కింద అడుగుదాకా ఇనుమే. మడమ, అంటే కొమ్ముకు ఎదురు కొస, మాత్రం గాల్లోకి పొడుచుకొచ్చిన భాగం, పైగా అందులో చదరపు రంధ్రం. రంధ్రం మూలల్లో ఒత్తిడి పోగవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. విరిగిన పాత దాగలుల్లో చాలావాటికి మడమ హార్డీ రంధ్రం మీదుగానే తెగి ఉంటుంది.

4, 5 కిలోల సమ్మెట ఎప్పుడూ నడుము మీదే పడాలి. కొమ్ము మీదా, మడమ మీదా వద్దు. సుత్తికీ దాగలికీ 1:50 లెక్క వాడుకలో ఉంది. అంటే ఒక కిలో సుత్తికి 50 కిలోల దాగలి. మీ 75 కిలోల దానికి ఒకటిన్నర కిలో దాకా ఒంటి చేతి సుత్తి సరిపోతుంది. సమ్మెటతో మాత్రం తూకం తక్కువే, అందుకని గట్టి సమ్మెట పనంతా వేరే దిమ్మ మీదికి మార్చడం మంచిది.

ఇక హార్డీ కాడ. బిగుతుగా ఉండాలని చెక్కలా దిగగొట్టేలా చేస్తారు. కాడ వాలుగా, అంటే కింద సన్నగా పైన లావుగా ఉంటే ప్రతి దెబ్బకూ అది ఇంకొంచెం దిగి రంధ్రాన్ని విడదీస్తుంది. దీన్ని ఆపేది ఏదీ లేదు, మడమ విచ్చుకునేదాకా. కాడ పొడుగునా ఒకే లావు ఉండాలి, రంధ్రంలో రెండు వైపులా అర మి.మీ. చొప్పున వదులు ఉండాలి. బరువంతా మోసేది పైనున్న భుజం. అది ముఖం మీద నాలుగు వైపులా ఆనాలి.

భుజం ఆనకపోవడానికి మామూలు కారణం కాడకూ భుజానికీ మధ్య ఉన్న గుండ్రటి మూల. దాన్ని పదునుగా చెక్కేయకండి, కాడ అక్కడే విరుగుతుంది. మూలను గుండ్రంగానే ఉంచి రంధ్రం పై అంచును కాస్త వాలుగా చెక్కండి, 2 మి.మీ. చాలు.

పాతదాగలి:
అంచుల గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరూ కొత్త దాగలి రాగానే అంచులు గుండ్రం చేసేయమంటారు. నేను ఒప్పుకోను. పదునైన అంచు లేకపోతే పని ముక్క మీద చక్కటి మెట్టు కొట్టలేం. ఒకసారి చెరిపేసిన అంచు తిరిగి రాదు.

నల్లఉక్కు:
పాతదాగలి గారూ, తిరిగి రాదన్నమాట నిజమే. కానీ పదునైన అంచు తనంతట తానే చెరిగిపోతుంది, అదీ పెచ్చులుగా. గట్టి ఉక్కులో 90 డిగ్రీల మూల చాలా పెళుసు. సగం ముఖం మీద, సగం బయట పడే దెబ్బల్లో పని పల్చబడగానే సుత్తి అంచు దాగలి అంచును తాకుతుంది. పెచ్చు ఎగిరేది అప్పుడే, అది కంటికి తగిలినా ఆశ్చర్యం లేదు. స్వీడన్ పోత ఉక్కు దాగలుల్లో అంచు పెచ్చులు ఎక్కువ కనబడేది వాటి గట్టితనం వల్లే.

రెండో సంగతి, పనిముట్లకు పదును మూల హానికరం. పంచ్‌కో, ఉలికో మెడ దగ్గర లోపలి మూల కోసినట్టు పదునుగా ఉంటే గట్టిపరిచేటప్పుడు బీట అక్కడే పడుతుంది. గుండ్రటి అంచు మీద కొడితే మెడ సాఫీగా వస్తుంది, మడత కూడా పడదు. పదును అంచు మీద కొట్టిన మెడలో పైపొర మడతపడి లోపలికి ముడుచుకుంటుంది. బయటికి సన్నటి గీతలా కనబడుతుంది, గట్టిపరిచాక విరుగుతుంది.

పాతదాగలి:
మెడ గురించి మీరన్నది నిజం. కానీ పదును మూల అవసరమైన పనులూ ఉన్నాయి. అన్నిచోట్లా గుండ్రం చేస్తే వాటికి ఎక్కడికి పోవాలి?

నల్లఉక్కు:
అన్నిచోట్లా వద్దు. కొమ్ము దగ్గర 8 మి.మీ. దాకా గుండ్రం, నడిమికి వచ్చేసరికి 3, మడమ వైపు ముట్టుకోకుండా వదిలేయండి. లేకపోతే హార్డీ రంధ్రంలో దిగే అంచు దిమ్మ చేసుకోండి. 4140 ముక్క, 50 మి.మీ. చదరం, ఒక అంచు పదును, ఇంకో అంచు 3 మి.మీ. గుండ్రం. పెచ్చు ఊడితే దిమ్మే మారుస్తాం.

ఇప్పటికే పెచ్చులున్న అంచు సంగతి వేరు. చిన్నకొలిమి గారూ, ఆ చోట్ల పెచ్చు అడుగు కనబడేదాకా గుండ్రంగా దిద్దితే చాలు, మొత్తం అంచు తీసేయాల్సిన పని లేదు. గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ (ఎమరీ రేకుల చక్రం) వాడండి, గట్టి సానరాయి కాదు. చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆగండి. నీలం రంగు కనబడిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీలు దాటింది, ఆ పొర మెత్తబడినట్టే.

కొలిమిసెగ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. ఎర్రటి కడ్డీని ముఖం మీద పెట్టి వదిలేస్తే దాగలి టెంపర్ (కాచి తెచ్చిన గట్టితనం) పోతుందని చాలామంది అంటారు. ఇది నిజమేనా?

నల్లఉక్కు:
లెక్క వేసి చూద్దాం. ఒక కిలో ఉక్కు 1000 డిగ్రీల నుంచి చల్లారితే సుమారు 620 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. 75 కిలోల దాగలి ఒక డిగ్రీ వేడెక్కడానికి 35 కిలోజౌళ్లు కావాలి. అంటే ఆ వేడంతా దాగలిలోకే పోయినా మొత్తం 17, 18 డిగ్రీలు పెరుగుతుంది. నిజానికి సగం గాలికే పోతుంది. ముఖం మెత్తబడాలంటే 200 డిగ్రీలు దాటాలి. నడుము మీదున్న ముఖం విషయంలో భయం అక్కర్లేదు.

సన్నటి చోట్లు వేరు. కొమ్ము కొస, హార్డీ పనిముట్లు, 10, 15 కిలోల చిన్న దాగలి, వీటిలో వేడి పోవడానికి తగినంత ఇనుము ఉండదు. పెద్ద దిమ్మను అక్కడ పెట్టి మాట్లాడుతూ కూర్చుంటే మెత్తబడవచ్చు. హార్డీ ఉలికి ఇది ఎక్కువగా జరిగేది.

తిరగేసి చూస్తే, చలి దేశాల్లో గడ్డకట్టే చలిలో దాగలిని మొదటి దెబ్బకు ముందు కొంచెం వేడి చేస్తారు. చల్లటి ఉక్కు పెళుసు, కొమ్మూ మడమా విరిగే అవకాశం ఎక్కువ. కాగిన ఇనుప ముక్కను ముఖం మీద కాసేపు ఉంచి, చేతికి గోరువెచ్చగా తగిలేలా చేస్తే చాలు.

ఆకురాయి:
పొలుసుల గురించి ఒక మాట. కాగిన ఇనుము మీది పొలుసులు గట్టివి. ముఖం మీద అలాగే ఉంచి కొడితే పని ముక్కలోకి దిగుతాయి. దాగలికి నష్టం కొంచెమే, పనికి నష్టం ఎక్కువ. ప్రతి కాకకూ బ్రష్‌తో ఊడ్చేయండి. ముఖం తడిపి కొడితే పొలుసులు పేలి ఊడతాయి, కానీ శబ్దం తుపాకీలా ఉంటుంది, చెవులకూ కళ్లకూ రక్షణ ఉండాలి. తర్వాత తుడిచి నూనె రాయండి, లేకపోతే మర్నాటికి తుప్పే.

చిన్నకొలిమి:
చాలా స్పష్టంగా ఉంది అందరిదీ. ముఖం మీదున్న పాత నెలవంకలను మిల్లింగ్ చేయించి చదును చేయించొచ్చా? లేదా వెల్డింగ్‌తో నింపించాలా?

పాతదాగలి:
ఈ రెండిటిలో ఏదీ వద్దు. మీది అతికిన ఉక్కు పలక. అది కొత్తగా ఉన్నప్పుడే 10 నుంచి 15 మి.మీ. మందం ఉంటుంది. అందులో ఇప్పటికే అరిగింది ఎంతో తెలియదు. పైన 2 మి.మీ. చెక్కితే మిగిలిన గట్టి పొర ఎంత పల్చబడుతుందో చూడండి. ఆ పైన కొట్టిన ప్రతి దెబ్బకూ అడుగున మెత్తటి ఇనుము కుంగుతుంది.

ముఖం నడిమి 2 మి.మీ. పల్లంగా ఉన్నా పనికి అడ్డం కాదు. నిజానికి వంకర కడ్డీ సరిచేయడానికి ఆ పల్లమే వీలు. నెలవంకలు మీ పనిమీద అచ్చుపడుతున్నాయా అన్నదే చూడండి. పడుతుంటే వాటి అంచులను మాత్రం ఎమరీ కాగితంతో సాఫు చేయండి, లోతు అలాగే ఉన్నా అంచు మెత్తబడితే అచ్చు రాదు. చివరి పాలిష్ దెబ్బలు ఎలాగూ గాట్లు లేని చోటే వేస్తాం.

నల్లఉక్కు:
చిన్న తేడాతో ఒప్పుకుంటాను. పెచ్చు 10 మి.మీ. లోతుకు ఊడి, అంచంతా పనికిరాకుండా పోతే వెల్డింగ్ తప్పకపోవచ్చు. అప్పుడు దాగలి మొత్తాన్ని 200 డిగ్రీలదాకా సమంగా వేడి చేసి, ఆ వేడి చివరిదాకా నిలిపి, తర్వాత బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చాలి. చల్లటి దాగలి మీద నేరుగా వెల్డ్ చేస్తే వెల్డ్ పక్కనున్న ఉక్కు గాజులా గట్టిపడి, కొన్నాళ్లకు ముక్కగా లేచిపోతుంది, ముందున్న పెచ్చు కన్నా పెద్దగా. చిన్న పెచ్చులకు ఇంత తతంగం అక్కర్లేదు.

ముందు పలక బాగుందో లేదో చూసుకోండి. 25 మి.మీ. బేరింగ్ గుండును 25 సెం.మీ. ఎత్తు నుంచి వదలండి. 18 నుంచి 22 సెం.మీ. దాకా తిరిగి ఎగిరితే మంచి ముఖం. ముఖమంతా దగ్గరదగ్గరగా పరీక్షించండి. ఒకచోట మాత్రం ఎగురుడు పడిపోతే అక్కడ పలక అతుకు వదిలి ఉండొచ్చు లేదా ఎవరో వేడి చేసి మెత్తబరిచి ఉండొచ్చు. సుత్తితో మెల్లగా తడితే మోగాల్సిన చోట బద్దలైన కుండలా వినబడితే అతుకు వదిలినట్టే. ఫిషర్ కంపెనీవి లాంటి పోత ఇనుప ఒంటి దాగలులు మాత్రం పుట్టుకతోనే మోగవు, వాటికి శబ్దం పరీక్ష పనికిరాదు, గుండు పరీక్షే.

కొలిమిసెగ:
రైలు పట్టా ముక్కను సమ్మెట దిమ్మగా వాడితే ఎలా ఉంటుంది? అసలు దాగలికి బాధ తప్పుతుంది కదా.

సమ్మెటదెబ్బ:
బాగానే ఉంటుంది, కానీ పట్టాను పడుకోబెట్టొద్దు. నిలువుగా నిలబెట్టండి. పడుకోబెట్టిన పట్టాలో తల కింద సన్నటి మెడ ఉంటుంది, దెబ్బకు స్ప్రింగులా ఊగుతుంది. నిలువుగా పెడితే సుత్తి కింద మొత్తం పొడవు ఇనుము ఉంటుంది. కొట్టే చోటు చిన్నది, కానీ పంచ్, ఉలి పనికి అంతే చాలు. మామూలు పట్టా ఉక్కు గట్టితనం 260 నుంచి 300 బ్రినెల్ (ఇది గట్టితనానికి వేరే స్కేల్), మంచి దాగలి ముఖంలో సగమే అనుకోండి. తప్పిన సుత్తికి గాటు పడుతుంది, గ్రైండర్‌తో చదును చేసేసుకోవడమే.

ఇంకా మంచిది మెత్తటి ఇనుప దిమ్మ, 100 మి.మీ. చదరం, 300 మి.మీ. పొడవు. బరువు దాదాపు 23, 24 కిలోలు. చెక్క మొద్దులో నిలువునా లోతుగా దించి, చుట్టూ చీలలు కొట్టి బిగించండి. పక్కనే ఒక హార్డీ రంధ్రం ఉన్న దిమ్మ వెల్డ్ చేసుకోవచ్చు. కన్ను పొడిచేటప్పుడు, డ్రిఫ్ట్ దించేటప్పుడు, సమ్మెట పడే ప్రతి పనికీ ఇదే. గట్టితనం లేదని బెంగ పడొద్దు, వేడి ఉక్కును ఆపడానికి దెబ్బ కింద నిలువునా ఉన్న ఇనుము చాలు.

చిన్నకొలిమి:
ఈ దిమ్మకు హార్డీ కాడలు దాగలి రంధ్రం కొలతకే చేయనా? నా దాగలిది 23 మి.మీ. రంధ్రం, కొంచెం వంకర.

కన్నుపంచ్:
వంకర రంధ్రాన్ని కొలత చేసుకోకండి. దిమ్మకు 25 మి.మీ. శుభ్రమైన రంధ్రం పెట్టి, కాడలు 24కి కొట్టండి. సమ్మెట పనిముట్లన్నీ ఆ కొలతకే. 24 కాడ మీ దాగలి 23 రంధ్రంలో దిగదు కాబట్టి పొరపాటున కూడా సమ్మెట పనిముట్టు మడమ మీదికి రాదు. ఒంటి చేతి హార్డీలను మాత్రం విడిగా చేయండి. 23 రంధ్రం వంకర కాబట్టి ఒక మెత్తటి ఇనుప కాడను 22కి దిగగొట్టకుండా పెట్టి చూడండి, ఏ వైపు రుద్దుతోందో మెరుపు పడుతుంది, ఆ వైపు మాత్రం ఆకురాయి పట్టి సరిచేయండి.

చిన్నకొలిమి:
సరే. ముందు ఎత్తు సరిచేసి, సుత్తి అంచు దిద్ది, కత్తిరింపు పలకతో మొదలుపెడతాను. బోల్స్టర్‌కు 25 మి.మీ. మందం మెత్తటి ఇనుము సరిపోతుందా, 4140 కావాలా?

కన్నుపంచ్:
మెత్తటి ఇనుమే చాలు. సందు పై అంచులను 1 మి.మీ. గుండ్రం చేయండి, లేకపోతే కన్ను అడుగు చుట్టూ పదునైన గట్టు లేస్తుంది. వాడి వాడి సందు వెడల్పయ్యాక తిప్పి రెండో వైపు వాడుకోవచ్చు, అందుకని సందును నిలువుగా, వాలు లేకుండా కోయండి.